పెరటి కబుర్లు: మోచేతి పరీక్ష



ఇంగ్లండులో వసంతపు ఎండను నమ్మరాదని నాకు నిరుడు తెలిసివచ్చింది. కౌన్సిలు వారు అద్దెకిచ్చిన అలాట్‌మెంటు తోట నాది 10 రాడ్లు, అంటే మన లెక్కన సుమారు 300 గజాలు. ఏప్రిల్లో నాలుగు రోజులు ఎండ కాసేసరికి, కిటికీలో మొలిపించిన గోంగూర నారంతా తీసుకెళ్లి అక్కడ నాటేశాను. మూడో రాత్రి మంచు పడింది. తెల్లారేసరికి ఆకులన్నీ ఉడకబెట్టినట్టు వాలిపోయాయి.

ఆ విత్తనాలు మన సంఘంలోని పిన్నిగారొకరు ఏటేటా దాచి ఇచ్చినవి. ముఖం చెల్లక నెల రోజులు వారింటికి వెళ్లలేదు. చివరికి చెబితే నవ్వి, మిగిలిన గింజల్లో సగం నా చేతిలో పోశారు. "పసిబిడ్డకు నీళ్లు పోసేముందు మోచేయి పెట్టి చూస్తాం కదా బాబూ! మట్టినీ అలాగే చూడు" అన్నారు.

కనుక ఈ నెలకు బయట ఉల్లి, బఠాణీ, పాలకూర చాలు. అవి చలికి ఓర్చుకుంటాయి. గోంగూర, బెండ మొక్కలను మే నెలాఖరు దాకా ఇంట్లోనే ఉంచండి.

ఇక డాక్టరుగా ఒక్క మాట: ధనుర్వాతం క్రిమి మట్టిలోనే ఉంటుంది. మీ సూదులన్నీ పూర్తయ్యాయో లేదో చూసుకోండి.

పిన్నిగారి గింజల్లో ఈ ఏడు 9 మొలిచాయి. కిటికీలోనే ఉన్నాయి. మోచేయి ఇంకా ఒప్పుకోలేదు.