నడిగడ్డ కోడలు స్థానికురాలు కాదా?

కృష్ణా తుంగభద్రల నడుమనున్న సీమను జనులు నడిగడ్డయని పిలుచుచున్నారు. నేటి జోగులాంబ గద్వాల జిల్లా ఇంచుమించుగా ఈ నడిగడ్డయే. తుంగభద్ర దాటినచో కర్నూలు, పడమటికి పోయినచో రాయచూరు, కృష్ణ దాటి ఉత్తరమునకు నడచినచో వనపర్తి, ఆపైన నాగర్‌కర్నూలు. పిల్లనిచ్చుటయు, పిల్లను తెచ్చుకొనుటయు ఈ దిక్కులన్నింటితోను తరతరములుగా సాగుచున్న వ్యవహారము. పుల్లూరు దాటి కర్నూలు పోయి కొడుకునకు సంబంధము ఖాయపరచుకొని వచ్చిన ఉండవెల్లి రైతుకు తాను రాష్ట్రము దాటితినన్న తలంపే కలుగదు. ఆ వచ్చిన కోడలు బీఎడ్ చదివినదై, టెట్ గట్టెక్కినదై, డీఎస్సీ దరఖాస్తు నింపుటకు కూర్చున్ననాడు మాత్రము తాను పరాయి రాష్ట్రమునందున్న సంగతి ఇంటిల్లిపాదికిని తెలియవచ్చును.

ఆ దరఖాస్తు వెంట చూపవలసిన కాగితములలో ఒకటవ తరగతి మొదలు ఏడవ తరగతి వరకు చదివినట్లు బడులు ఇచ్చెడి బోనఫైడ్లు ముఖ్యమైనవి. తరగతి, విద్యాసంవత్సరము, పాఠశాల, మండలము, జిల్లా అని అడ్డముగా గళ్లు. నిలువున ఏడు వరుసలు. ఆ ఏడింటిలో కనీసము నాలుగు వరుసలయందు ఈ జిల్లా పేరుండవలెను. లేనిచో అభ్యర్థిని నాన్‌లోకల్. పండ్రెండేండ్లుగా ఈ ఊరిలో ఆమె వేసిన ఓటు గాని, రేషన్ కార్డులోని ఆమె పేరు గాని, ఇదే ఊరి సర్కారు బడి హాజరుపట్టీలో నున్న ఆమె బిడ్డల పేర్లు గాని ఆ గళ్లలో ఎక్కడను ఇమడవు. పండ్రెండేండ్ల ప్రాయము నాటికి ముగిసిపోయిన చదువు ఆమె శేషజీవితమున కంతటికిని స్థానము నిర్ణయించుచున్నది.

నియమమేదో స్పష్టముగా చెప్పుకొనవలెను. రాజ్యాంగములోని 371డి అధికరణము క్రింద 2018లో రాష్ట్రపతి వెలువరించిన ఉత్తర్వు మేరకు తెలంగాణలో ప్రత్యక్ష నియామకములందు నూటికి తొంబదియైదు కొలువులు స్థానికులకే చెందును. సెకండరీ గ్రేడ్ టీచరు, స్కూల్ అసిస్టెంటు కొలువులు జిల్లా కేడరునకు చెందినవి గనుక అచ్చట స్థానికత యనగా జిల్లా స్థానికతయే. తక్కిన అయిదింటికి స్థానికులును పోటీపడుదురు. ఒక జిల్లాలో, ఒక సబ్జెక్టునకు, ఒక మాధ్యమమున ఆరేడు ఖాళీలు ప్రకటింపబడినచో అందులో అయిదు శాతమనగా అరకొలువు కూడ కాదు. 2024లో పదునొకండు వేలకు పైబడిన కొలువులతో వచ్చిన డీఎస్సీ ఎంత పెద్దదైనను, ముప్పదిమూడు జిల్లాలకు పంచి, సబ్జెక్టులుగా చీల్చి, రోస్టరు వేసిన పిమ్మట స్థానికేతరులకు మిగిలినది పేరునకు మాత్రమే ద్వారము.

ఇది అన్యరాష్ట్రముల నుండి వచ్చిన కోడండ్రకు మాత్రమే సంబంధించిన కష్టమనుకొనుట పొరపాటు. 2016 అక్టోబరు 11వ తేదీన కొత్త జిల్లాలు ఏర్పడువరకు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడును పాత మహబూబ్‌నగర్ జిల్లాలోనివే; పాలమూరు బిడ్డ పాలమూరులో ఎచ్చట మెట్టినను స్థానికురాలే. నేడో, జూరాల ఆనకట్టకు ఆవలనున్న ఆత్మకూరు వనపర్తి జిల్లా, ఈవలనున్న ధరూరు గద్వాల జిల్లా. కట్టమీది నుండి చూచినచో ఒక తీరమునకు మరియొక తీరము కానవచ్చును. ఆత్మకూరు పిల్ల ధరూరున కాపురమునకు వచ్చినచో ఉపాధ్యాయ నియామకమున ఆమెయు నాన్‌లోకలే. పుట్టినింటి జిల్లాలో ఆమె పోటీపడవచ్చును, నిజమే. కాని అచ్చట కొలువు దొరకినచో భర్తను, బిడ్డలను ఈవల విడిచి ఆవల నుండవలెను, లేదా ప్రతిదినము బస్సులమీద ప్రాణములు పెట్టుకొని తిరుగవలెను. జిల్లాల విభజన పాలనాసౌకర్యమునకు జరిగినది. ఆ విభజనరేఖ ఆడుబిడ్డల మెట్టినింటి గడపల మీదుగా పోవుచున్నదని అప్పుడెవరును గమనించినట్లు లేదు.

రాయచూరు నుండి వచ్చిన వారి స్థితి ఇంకను క్లిష్టమైనది. గద్వాల, అలంపురము తాలూకాలు 1956 దాక రాయచూరు జిల్లాలోనివే. రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణమున రాయచూరు మైసూరునకు, ఈ రెండు తాలూకాలు మహబూబ్‌నగరునకు పోయినవి. బంధుత్వములు మాత్రము పోలేదు. అచ్చటి నాయకులు, బేడలు, ఇచ్చటి బోయలు తమలో తాము వియ్యమందుకొను వారు. అయినను కర్ణాటకమున వారు షెడ్యూల్డు తెగ, తెలంగాణలో వెనుకబడిన తరగతులలోని ‘ఏ’ వర్గము. ఒక రాష్ట్రమున లభించిన సామాజిక హోదా వలసతోపాటు మరియొక రాష్ట్రమునకు రాదని సుప్రీంకోర్టు 1990లోనే నిర్ణయించియుండుటచే రాయచూరు సీమనుండి గట్టు మండలమునకు కోడలుగా వచ్చిన బోయపడతి తెగ హోదాను కోల్పోవును, స్థానికతను పొందజాలదు. పుట్టినింట నున్న రెండు రక్షణలును సరిహద్దు దాటినంతనే ఆమెకు లేకుండ పోవును.

ఇట్లు వ్రాయుచున్నందున స్థానికులకు గల రక్షణనే నేను ఆక్షేపించుచున్నానని యెవరును భావింపరాదు. ఆ రక్షణ వెనుక ఈ ప్రాంతము పడిన వేదన యంతయు నున్నది. 1952లో వరంగల్లున రాజుకొన్న ముల్కీ ఆందోళనకు ఉపాధ్యాయ నియామకములందు స్థానికేతరులకు చోటు దక్కుటయే తక్షణకారణమనుట మరువరానిది. ఆ యేడు సెప్టెంబరు 3, 4 తేదీలలో హైదరాబాదున విద్యార్థులపై తుపాకులు ప్రేలినవి. 1957 నాటి నివాసార్హత చట్టము తెలంగాణ విషయమున చెల్లదని 1969లో సుప్రీంకోర్టు త్రోసిపుచ్చుట, ఆ సంవత్సరమే తెలంగాణము భగ్గుమనుట, 1973లో ఆరుసూత్రముల పథకము, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వు, దానిని ఉల్లంఘించి వచ్చినవారిని వెనుకకు పంపవలెనని 1985లో వెలువడిన 610 జీవో, అది కాగితముమీదనే నిలిచిపోవుట, ఇవన్నియు తెలిసినవారు తొంబదియైదు శాతమును తగ్గింపుమని కోరజాలరు. 2011 జనగణనము నాటి లెక్కలబట్టి గద్వాల జిల్లా అక్షరాస్యత నూటికి యాబదిలోపే. రాష్ట్రమున కెల్ల అదియే అట్టడుగు. ఇట్టి జిల్లాలో చదువుకొన్న మొదటి తరము పిల్లలకు కొలువులు దక్కకుండ ఎచ్చటివారో తన్నుకొని పోవుట న్యాయము కాదు. నా వాదము రక్షణ పరిమాణమును గూర్చినది కాదు. స్థానికుడన నెవ్వడను నిర్వచనమును గూర్చినది.

ఆ నిర్వచనము చరిత్రలో ఎన్నడును ఇంత ఇరుకుగా నుండలేదు. 1919 నాటి ముల్కీ నిబంధనలను చూడుడు. రాచరికమున, ఫర్మానా రూపమున వెలువడిన ఆ నిబంధనలు జన్మచే ముల్కీ యగువానితోపాటు పదునైదేండ్లు ఎడతెగక ఈ రాజ్యమున నివసించి, వెనుకటి ఊరికి మరలిపోవు తలంపు విడిచితినని ప్రమాణపత్రము సమర్పించినవానిని గూడ ముల్కీగా నంగీకరించినవి. అంతకంటెను ముఖ్యమైనది మరియొకటి కలదు: ముల్కీ భార్య ముల్కీయే యని ఆ నిబంధనలు స్పష్టముగా చెప్పినవి. నూరేండ్ల క్రిందట నిజాము సర్కారు కోడలికిచ్చిన గుర్తింపు, ప్రజలు పోరాడి తెచ్చుకొన్న రాష్ట్రమున ఆమెకు లేకపోవుట నన్ను మిక్కిలి బాధించుచున్న విషయము. 1975 ఉత్తర్వు చూపును నివాసము మీదినుండి బడిమీదికి మరల్చినది. పదవ తరగతితో ముగియు నాలుగేండ్ల చదువును ప్రమాణముగా గైకొన్నది. 2018 ఉత్తర్వు ఆ బడిని ఇంకను వెనుకకు, బాల్యము లోతులకు నెట్టినది. ఇందులో నొక సదుద్దేశమున్నది. పదవ తరగతికి పట్నములకు పోయిన పల్లెపిల్లలు ఏడవ తరగతి దాక సాధారణముగా సొంత మండలమునందే చదివియుందురు గనుక వారికి న్యాయము జరుగునని ఆలోచించిరి. ఆ మేలు కాదనరానిది. కాని రెండు రాష్ట్రముల కొలబద్దలు వేరైన పిమ్మట ఒక వింత పుట్టినది: ఆరవ తరగతి దాక గద్వాలలోను, ఏడు నుండి పది దాక కర్నూలులోను చదివినవాడు 2018 నిర్వచనముచే గద్వాలలో స్థానికుడు, 1975 నిర్వచనముచే కర్నూలులోను స్థానికుడు. వానికి రెండు తీరములును తనవే. ఏరు దాటి వచ్చి ఇచ్చటనే జీవితము వెళ్లబుచ్చుచున్న ఇల్లాలికి మెట్టినగడ్డ ఏనాటికిని తనది కాదు.

మరి కోడండ్ర మాట అటుంచి పాలమూరు సొంతబిడ్డల గతి యేమి? వలసకు మారుపేరైన ఈ సీమనుండి పనులకై బొంబాయి, పూనాలకు పోయిన తల్లిదండ్రుల వెంట నడచి అచ్చటి బడులలో మొదటి అక్షరములు దిద్దుకొన్న పిల్లలు కలరు. మహబూబ్‌నగరు దూరము, కర్నూలు దగ్గర యగుటచే అలంపురము ప్రాంతమున ఎందరో తమ పిల్లలను కర్నూలులో నుంచి చదివించిరి. వీరందరును తాతముత్తాతల ఇండ్లకు తిరిగివచ్చి డీఎస్సీ వ్రాసినచో నాన్‌లోకల్సే. గోలకొండ పత్రికను స్థాపించి, 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించి తెలంగాణమున కవులు లేరన్నవారికి బదులు చెప్పిన సురవరం ప్రతాపరెడ్డిగారు నడిగడ్డ బిడ్డ, 1952లో వనపర్తి నుండి శాసనసభకు ఎన్నికైనవారు. చిన్ననాట వారు చదివినది కర్నూలులో. నేటి బోనఫైడు పట్టిక వారి ముందు పెట్టినచో స్థానికుల వరుసలో వారు నిలువగలిగెడివారా యన్నది ఆలోచింపదగిన ప్రశ్న. అనంతపుర మండలమున జన్మించి, అలంపురమును తన ఊరుగా జేసికొని, ఆ క్షేత్రచరిత్రకు జీవితమును ధారవోసిన గడియారం రామకృష్ణశర్మగారిని అలంపురము వారు పరాయివాడని ఏనాడైన అనిరా?

ఇతర కొలువులకంటె ఉపాధ్యాయ పదవికి ఊరిలోని నివాసమెంత ముఖ్యమో నడిగడ్డ పల్లెలలో కండ్లకు గట్టినట్లు తెలియును. ఇచ్చట సీడు పత్తి పండించుదురు. క్రాసింగు దినములలో సాయంకాలము ఆడుమొక్కల మొగ్గలు విప్పి లోని పుప్పొడి తిత్తులను గోటితో గిల్లివేసి, మరునాటి ఉదయమున మగపూవును తెచ్చి ఆ కీలాగ్రమునకు రుద్దవలెను. చెట్టుకు చెట్టు, మొగ్గకు మొగ్గ, వారముల తరబడి సాగు పని. ఎత్తు తక్కువ, వ్రేళ్లు సన్నమని పిల్లలను దీనికి దింపుట ఈ సీమకు పట్టిన పాత వ్యాధి. ఆ దినములలో గట్టు, మల్దకల్, అయిజ మండలముల బడులలో బల్లలు ఖాళీ యగుచుండును. ఆ ఊరనే కాపురమున్న పంతులమ్మకు హాజరుపట్టీలో గీత పడిన పిల్ల యెవరి చేనిలో నున్నదో తెలియును. చీకటిపడిన పిమ్మట ఆ యింటికి పోయి తల్లితో మాటలాడగలదు. అప్పు తీర్చుటకు పిల్లను పంపితిమని తల్లి చెప్పినచో ఆ అప్పు ఇచ్చిన వానితోను మాటలాడగలదు. నాలుగున్నర బస్సునకు తొందరపడు ఉపాధ్యాయుడు ఎంతటి సమర్థుడైనను ఈ పని చేయలేడు. ఊరిలో నివసించు మనిషినే కోరవలసిన వృత్తికి నివాసమును లెక్కలోనికే తీసికొనని నియమము పెట్టుకొంటిమి.

ప్రభుత్వము సైతము స్థానికతను అన్నివేళల ఒకే రీతిగా పాటించుట లేదు. 2021 డిసెంబరులో వెలువడిన 317 జీవో ప్రకారము పాతజిల్లాల ఉపాధ్యాయులను కొత్త జిల్లాలకు పంచినప్పుడు సీనియారిటీయే కొలమానమైనది. పుట్టి పెరిగిన జిల్లాను విడిచి జూనియర్లు దూర జిల్లాలకు పోవలసివచ్చినది, దంపతులు వేరు జిల్లాలపాలైరి. కొలువులో చేరునప్పుడు సర్వస్వమైన స్థానికత, చేరిన పిమ్మట పంపకమున అక్కరకు రాలేదు.

నివాసమును ప్రమాణము చేసినచో దొంగ ధ్రువపత్రములు పుట్టునని ఒక ఆక్షేపణ కలదు. ఇది తోసిపుచ్చదగినది కాదు; బూటకపు ముల్కీ సర్టిఫికెట్లు ఈ ప్రాంతమునకు చేసిన ద్రోహము పెద్దలకింకను జ్ఞాపకమే. కాని నాటి తహసీలు కచేరిలో ఒక సంతకముతో సరిపోయిన నివాసము నేడట్లు సరిపోదు. వివాహ రిజిస్ట్రేషను, ఓటరు జాబితాలో వరుసగా నమోదైన పేరు, రేషన్ కార్డు, బిడ్డల బడి రికార్డు, ఇవన్నియు తేదీలతో సహా ప్రభుత్వము చేతిలోనే యున్నవి. ఒకదానితో నొకటి సరిచూచినచో పదేండ్ల కాపురమును కల్పించుట సులభము కాదు. కనుక స్థానికుని వివాహమాడి, ఆ జిల్లాలో పదేండ్లు ఎడతెగక నివసించినవారిని, మరియు తాతతండ్రుల భూమి, ఇల్లు ఇచ్చటనే యుండి వలసకారణముగ చదువు మాత్రము అన్యత్ర సాగినవారిని స్థానికులుగా పరిగణించునట్లు నిర్వచనమునకు రెండు వాక్యములు చేర్చవలెను. తొంబదియైదు శాతము తొంబదియైదుగానే యుండును. ఇంకను జంకెడివారికి ఈ సడలింపును మొదట పొరుగురాష్ట్రముల సరిహద్దునందలి జిల్లాలలో, ఉపాధ్యాయ కొలువులకు మాత్రమే అమలుచేసి చూచుటకు వీలున్నది. జూరాల రెండు గట్టుల చిక్కు దీనితో తీరదు గనుక జోగులాంబ జోనులోని జిల్లాల నడుమ వివాహముచే మారినవారికి కాలపరిమితి లేకుండనే స్థానికత నీయవలెను.

ఇందుకు రాజ్యాంగ సవరణ అక్కరలేదు. 371డి అధికరణము క్రింది ఉత్తర్వును మార్చుట రాష్ట్రపతి పని, ప్రతిపాదన పంపుట రాష్ట్ర ప్రభుత్వపు పని. వికారాబాదు జిల్లాను జోగులాంబ జోనునుండి తప్పించి చార్మినారు జోనులో చేర్చుటకు 2021లో ఈ ఉత్తర్వునే సవరించిరి. ఒక జిల్లా ప్రజలు కోరిన కోరికకు ఢిల్లీదాక కదలిన కాగితము మరల కదలకపోవుటకు కారణము లేదు. గద్వాల, అలంపురము, వనపర్తి, కొల్లాపురము, నాగర్‌కర్నూలు, అచ్చంపేట శాసనసభ్యులు పార్టీలు వేరైనను ఈ విషయమున ఒక్కటై, తదుపరి డీఎస్సీ ప్రకటన వెలువడుటకు ముందే ముఖ్యమంత్రికి విన్నపము సమర్పించినచో, మంత్రివర్గ తీర్మానముతో ఆ ప్రతిపాదన కేంద్ర హోంశాఖకు పోవలసియుండును.