వినడం మానేసిన వాళ్లం

హుమ్మ ఉప్పు మడుల గట్ల మీద తీతువు పిట్టలు గుడ్లు పెడతాయి. గూడంటూ ఏమీ ఉండదు. చిన్న గుంట, చుట్టూ గులకరాళ్లు, అందులో మట్టిరంగు మీద నల్లమచ్చల గుడ్లు. మనిషి అటువైపు అడుగేశాడంటే చాలు, పిట్ట లేచి నెత్తిన తిరుగుతూ గగ్గోలు పెడుతుంది. ఆ అరుపు మనకు పడదు. తీతువు అరిస్తే చావుకబురు వస్తుందని పెద్దవాళ్లన్నారు. మనం నమ్మాం. నమ్మనివాళ్లం కూడా నమ్మినట్టే రాయి విసిరాం. అది గుడ్ల కోసం అరుస్తోందని తెలియక కాదు. బళ్లో చదివాం, కళ్లతో చూశాం. ఆ అరుపు ఆగితే ఆ పూటకి హాయిగా ఉంటుందని తెలిసే విసిరాం.

ఈ తీరాన వినబడకుండా పోయిన గొంతుల గురించి రాద్దామని కూర్చుంటే నాకు మొదట ఆ రాయే గుర్తొచ్చింది. మిగతావీ దాదాపు అలాగే పోయాయి. ఎవరూ వచ్చి లాక్కుపోలేదు.

రంభ దాటాక, ఛత్రపురానికి ముందు, హౌరా–చెన్నై రైలు దారిలో చిన్న స్టేషను హుమ్మ. ఒకపక్క చిలికా, ఇంకోపక్క ఋషికుల్య సముద్రంలో కలిసే మొగ, రెంటినీ కలుపుతూ పాలూరు కాలువ, మధ్యలో ఉప్పు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడేదాకా ఇది మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా. సరిహద్దు గీత ఎటు గీసినా మన తెలుగువాళ్లు చాలామంది ఇక్కడే ఉండిపోయారు. బరంపురంలో వ్యాపారాలూ ఉద్యోగాలూ చేసుకునేవాళ్లు, గోపాలపురం, ఆర్జిపల్లి, పొడంపేట తీరాల్లో వేట మీద బతికే వాడబలిజలు. ఒడియావాళ్లు వాళ్లను నోలియాలంటారు. నేను వేటకు పోయే ఇంట్లో పుట్టలేదు, బరంపురంలో చేప కొనుక్కుని తినే ఇంట్లో పుట్టాను. కాబట్టి ఇక్కడ ‘మనం’ అన్న చోటల్లా వల లాగినవాళ్ల వంతు తక్కువ, కొనుక్కు తిన్న నాబోటివాళ్ల వంతు ఎక్కువ. ఇది ముందే చెప్పెయ్యాలి.

పెద్ద వల లాగడం చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. వలను పడవ మీద సముద్రంలోకి తీసుకెళ్లి అర్ధచంద్రంలా పరుస్తారు. రెండు కొసల మోకులూ ఒడ్డుకు తెస్తారు. ఒక్కో మోకుకు ఒక గుంపు. అంతమంది బలమూ ఒకే క్షణంలో పడాలి, లేకపోతే అల గుంజేస్తుంది. ఒకడు ముందు ఎత్తుకుంటాడు, మిగతావాళ్లు హైలెస్సా అని అందుకుంటారు, చివరి ‘స్సా’ దగ్గర మడమలు ఇసుకలో దిగబడతాయి. బరువు లాగేటప్పుడు మనిషి గొంతులోని మడతలు బిగుసుకుని ఊపిరిని ఛాతీలో బంధిస్తాయి. కేక వేసినప్పుడు ఆ ఊపిరి వదులుతుంది, మళ్లీ పట్టడానికి సందు దొరుకుతుంది. అంటే ఆ కేక పనికి అలంకారం కాదు, పనిలో భాగమే. చేతుల్లో సత్తువ తగ్గిన ముసలాయన కూడా గొంతుంటే ఆ వరసలో పనికొచ్చేవాడు. పాటలో గ్రామదేవత పేరొచ్చేది, అప్పిచ్చిన షావుకారి మీద ఎకసెక్కం వచ్చేది, ఇక్కడ రాయలేని సరసమూ వచ్చేది. అప్పటికప్పుడు కట్టిన మాటలు. ఆ మధ్యాహ్నం వల ఒడ్డున పడ్డాక వాటితో ఎవరికీ పని లేదు.

చీకట్లో తెప్ప మీదివాళ్లు ఒకరినొకరు పిలుచుకునే కేకలు వేరు. వాటిలో మాట తక్కువ, సాగదీత ఎక్కువ. హల్లులు అలల మోతలో కొట్టుకుపోతాయి, అచ్చులు చాలా దూరం పోతాయి. ఈ సంగతి ఏ పుస్తకమూ చదవకుండానే వాళ్లకు తెలుసు.

1979లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ బంగాళాఖాతం కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. అలలు దాటి నేరుగా ఒడ్డున దిగగల కొత్తరకం పడవల్ని మన తూర్పు తీరంలో ప్రయత్నించి చూశారు. తరవాత ఫైబర్ పడవలు, వాటికి తగిలించే ఇంజన్లు వచ్చాయి. తెప్పలు ఒక్కొక్కటే ఒడ్డెక్కాయి. ఇంజను తప్పని నేననను. తెడ్డు వేసి భుజాలు అరిగిన మనిషికి ఇంజను వద్దని చెప్పే అర్హత ఒడ్డున కూర్చున్న నాకెక్కడిది? ఫోనులూ మైకులూ తప్పని కూడా అనను. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు ముందే లక్షలమందిని కదిలించగలిగారు. నోటి కేకతో అది అయ్యేది కాదు.

ఇంజను మోతలో పాట వినపడదు, వినపడని పాట ఎవరూ పాడరు. అంతవరకూ సహజమే. కానీ పాట ఆగిపోతోందని తెలిసిన రోజుల్లో మనమేం చేశాం? బరంపురంలో సభలు పెట్టుకున్నాం. జానపద సాహిత్యం మీద ఉపన్యాసాలు విన్నాం. అప్పటికే చాలా ఇళ్లలో టేప్‌రికార్డర్లున్నాయి, వాటిలో సినిమా పాటలు ఎక్కించుకున్నాం. గోపాలపురం సముద్రం బరంపురానికి పదహారు కిలోమీటర్లు. బస్సెక్కి వెళ్లి ఒక్క క్యాసెట్టు నింపుకొచ్చిన ఇల్లు నాకు తెలిసినవాళ్లలో లేదు. మా ఇల్లూ అంతే. పని కష్టమై కాదు, ఎప్పుడైనా వెళ్లొచ్చులే అనుకోవడం వల్ల. తరవాత పొడంపేటను సముద్రం కోసేసింది, ఊరు వెనక్కి జరిగింది. ఇసుక పోయాక వల ఎక్కడ లాగుతారు, ఇందులో మనం చేసిందేముంది అని తప్పించుకోవచ్చు. కొంత నిజం కూడా. అయితే ఇసుక ఉన్నన్నాళ్లూ మనం వెళ్లలేదు.

మనుషుల గొంతుల మాట అది. సముద్రంలోని గొంతుల దగ్గరకొస్తే మన లెక్క ఇంకా అధ్వాన్నం.

చేపకు గొంతుండదనుకుంటాం. గొరకను నీళ్లలోంచి తీసి చేత్తో పట్టుకుంటే దాని పొట్టలోంచి బుర్రుబుర్రుమని అరచేతికి తగులుతుంది. దానికి మనలా గొంతులో మడతలు లేవు. లోపల గాలితిత్తి ఉంటుంది. దాని పక్కనున్న కండరాలు గబగబా కొట్టుకుంటే తిత్తి మోగుతుంది. గొరకల కుటుంబంలో చాలా జాతుల్లో ఆ కండరాలు మగవాటికే ఉంటాయి. గుడ్లు పెట్టే కాలంలో మందంతా కలిసి మోగిస్తుంది. మెక్సికోలో కొలరాడో నది మొగ దగ్గర గల్ఫ్ కోర్వీనా అనే గొరక మందల మోతను కొలిచి 2017లో ప్రచురించారు. చేపల్లో అంత పెద్ద మోత అంతకుముందు నమోదు కాలేదన్నారు. అక్కడి జాలరులు ఆ మోతను పడవ అడుగులోంచి విని అక్కడే వల వేస్తారు. జతను పిలిచే పిలుపే పట్టిస్తుందన్నమాట. చైనాలో ఇంకో అడుగు ముందుకేశారు. 1950ల్లో పడవల మీద చెక్కలు బాది, ఆ చప్పుడుతోనే పసుపు గొరకల మందల్ని స్పృహ తప్పించి తోడేశారు. రెండు మూడు దశాబ్దాల్లో ఆ చేపల రాశి కుప్పకూలింది.

వాళ్లనేమీ అననక్కర్లేదు. మన దగ్గర కచిడి ఉంది. గొరకల కుటుంబంలో పెద్ద చేప. కచిడి పడిందంటే తెలుగు టీవీలో పండగ, ‘మత్స్యకారుడికి జాక్‌పాట్’ అని స్క్రోలింగ్. ఆ ధర మాంసానికి కాదు, గాలితిత్తికి. ఎండబెట్టి హాంకాంగ్‌కూ చైనాకూ పంపుతారు, అక్కడ సూపుల్లో వేసుకుంటారు. చేప దేనితో పిలుస్తుందో దానికే వెల కట్టాం, మగదైతే ఇంకా ఎక్కువ. గుజరాత్ 2023లో దీన్ని రాష్ట్ర చేపగా ప్రకటించింది. మనం లాటరీగా ప్రకటించుకున్నాం. పట్టినవాడిని నేను తప్పు పట్టను, ఆ ఒక్క చేపతో అతని అప్పు తీరుతుందేమో. కానీ ఆ వీడియో చూసినవాళ్లం ఇంతమందిమి, చుట్టాల గ్రూపుల్లో పంపుకున్నవాళ్లం ఇంతమందిమి, అలాంటి చేపలు ఇంకెన్ని మిగిలాయని ఒక్కరం అడగలేదు. నేనూ ఓ బొమ్మ పెట్టి ఊరుకున్నాను.

ఋషికుల్య తాబేళ్ల సంగతి అందరికీ తెలిసిందే గనక ఎక్కువ రాయను. తాబేళ్లు గుడ్లు పెట్టే చోటుగా ఈ మొగ 1994లో శాస్త్రవేత్తల దృష్టికి వచ్చింది. 2023లో ఆరు లక్షలకు పైగా తాబేళ్లు ఇక్కడ గుడ్లు పెట్టాయి. తాబేలు మూగదని మన నమ్మకం. గుడ్డు పగలకముందే ఇసుక లోపల పిల్లలు సన్నటి చప్పుళ్లు చేస్తాయని ఈ మధ్య పరిశోధకులు రికార్డు చేశారు. అవి ఒకదాన్నొకటి లేపుకోవడానికేనా అన్నది ఇంకా తేలలేదు. తల్లి తాబేలు గుంట తవ్వుతూ విడిచే బరువైన నిట్టూర్పు మాత్రం మన చెవికే అందుతుంది, పక్కన నోరు మూసుకుని నిలబడితే. మనం నిలబడం. బరంపురం నుంచి బండ్లు కట్టుకు వెళ్లి, ఫోను లైట్లు వేసి, పిల్లల్ని పేరుపేరునా పిలుస్తూ చూసొస్తాం. పొడంపేట, గోఖరకుడ, పురుణాబంధ కుర్రాళ్లు రాత్రుళ్లు కాపలా ఉంటారు. నవంబరు 1 నుంచి మే 31 దాకా మొగ దగ్గర తీరం నుంచి ఇరవై కిలోమీటర్ల లోపు వేట బంద్. తాబేలు కోసం కడుపు కట్టుకునేది వాళ్లు, ఫొటోలు మనవి.

చిలికాలో ఇరావడ్డీ డాల్ఫిన్లు నూట యాభై చిల్లర. అవి ముక్కుదారిలోని మడతలతో టిక్కుటిక్కుమంటూ, తిరిగొచ్చే చప్పుడును బట్టి బురదనీళ్లలో చేపను వెతుక్కుంటాయి. వాటి బతుకంతా వినికిడి మీదే. ‘ఇంకాస్త దగ్గరికి పోనీవయ్యా’ అని ఇంజను పడవవాడికి పైన వంద ఇచ్చేది ఎవరో కాదు, పిల్లలకు ప్రకృతి చూపిద్దామని బయల్దేరిన మనమే.

ఇక మన సొంత గొంతు. బరంపురం తెలుగుకు ఒక సాగుడుంది, ఒడియా లాగుంది, వినగానే తెలిసిపోతుంది. విశాఖపట్నంలో రైలు దిగగానే దాన్ని దాచేస్తాం. టీ కొట్టువాడు ‘మీది ఒడిశానా’ అంటే, ఆ మాటలో తప్పేమీ లేకపోయినా, సిగ్గుపడి యాస సరిచేసుకుంటాం. ఇంటికొచ్చి పిల్లలతో ఒడియాలోనో ఇంగ్లీషులోనో మాట్లాడతాం. అమ్మమ్మ తెలుగులో అడుగుతుంది, మనవడు ఒడియాలో జవాబిస్తాడు. అర్థమవుతోంది కదా, చాల్లే అనుకున్నాం. ఒడియా నేర్వడం తప్పు కాదు, ఇక్కడ పుట్టి నేర్వకపోవడమే తప్పు. కానీ తెలుగు పలకని పిల్లల్ని మనమే తయారుచేసి, వేదికలెక్కి ప్రభుత్వం తెలుగు బడి పెట్టడం లేదని ఫిర్యాదు చేశాం. పిల్లవాడు మొదటి మాట నేర్చింది బళ్లో కాదు, మన ఒళ్లో.

ఈ పాత గంజాం జిల్లాలోనే, పర్లాకిమిడిలో, గిడుగు రామమూర్తి ఉండేవారు. సవరల మాట నేర్చుకోవడానికి కొండల్లో తిరిగి, జ్వరాలు తెచ్చుకుని, క్వినైన్ వాడి వినికిడి పోగొట్టుకున్నారు. అయినా గొంతులో చటుక్కున తెగిపోయే ఆ పలుకుల్ని వదలకుండా కాగితం మీద పెట్టారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. ఇతరుల మాట వినడానికి చెవులే పోగొట్టుకున్న ఆ మనిషి పుట్టినరోజును ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవమని మైకులు పెట్టి చేసుకుంటాం. నేనూ ఆ మైకుల ముందు మాట్లాడాను, చప్పట్లు కొట్టించుకున్నాను. ఒక సవర మనిషినో, మన తీరపు వేటగాడినో వేదిక మీదికి పిలిచి ‘నువ్వు మాట్లాడు, మేం వింటాం’ అని ఏ సభలోనూ అనలేదు. పిలవొద్దని ఎవరూ ఆపలేదు కూడా. ఆ ఆలోచన రాలేదు, అంతే. రానందుకే బాధ.

పెద్ద వల మోకు పట్టినవాళ్లు గోపాలపురంలో, ఆర్జిపల్లిలో, కొత్త పొడంపేటలో ఇంకా ఉన్నారు. వయసు మీదపడింది. ఇన్నాళ్లు వాయిదా వేసినవాడు చెబితే వినాలని లేదు, అయినా అడుగుతున్నాను. మీకు వాళ్లలో ఎవరైనా తెలిస్తే ఒక సాయంత్రం వెళ్లండి. బావా అనో తాతా అనో పిలిచి, ఎలా ఎత్తుకునేవారో అడగండి. ఫోనులో రికార్డు నొక్కి పక్కన పెట్టండి. సిగ్గుపడతారు, దగ్గుతారు, మధ్యలో మరిచిపోయి మనవరాలిని కేకేస్తారు. అదంతా ఉండనివ్వండి. వెనకాల మ్యూజిక్ కలపకండి.