ఓడిన దేవతల కథ ఎవరు చెప్పాలి?

కూఫా పండితుడు హిషామ్ ఇబ్న్ అల్-కల్బీ తొమ్మిదో శతాబ్దపు తొలినాళ్లలో మరణించాడు. అతని ‘కితాబ్ అల్-అస్నామ్’, అంటే విగ్రహాల పుస్తకం, చాలా చిన్నది. పాశ్చాత్య పండితులకు అది చాలాకాలం యాకూత్ భౌగోళిక నిఘంటువులోని ఉల్లేఖనల ద్వారానే తెలుసు. 1914లో అహ్మద్ జకీ పాషా కైరోలో ప్రచురించాకే పూర్తి పాఠం అందుబాటులోకి వచ్చింది. ఇస్లాంకు పూర్వం అరేబియాలో పూజలందుకున్న దేవతల గురించి ఎవరు రాసినా ఈ పుస్తకం దగ్గరికి రాక తప్పదు. అందుకే దీన్ని కొంత అనుమానంతో చదవాలి.

కథలు రుచిగా ఉంటాయి. బాటసారి మజిలీలో నాలుగు రాళ్లు ఏరుకుంటాడు; అందమైనదాన్ని దేవుణ్ణి చేసుకుని, మిగిలిన మూడింటినీ పొయ్యిరాళ్లు చేస్తాడు. జెద్దా తీరాన సఅద్ అనే పొడవాటి బండ ఉంది. ఒకడు దీవెన కోసం ఒంటెలను తోలుకొస్తే, బండమీది బలి నెత్తురు చూసి అవి బెదిరి చెల్లాచెదరవుతాయి. అతడు కోపంతో దేవుడి మీదికే రాయి విసురుతాడు. పాఠకుడు నవ్వుకుంటాడు, నవ్వించడమే ఉద్దేశం. కానీ ఆ మనిషి అంతదూరం ఒంటెలను ఏ నమ్మకంతో తోలుకొచ్చాడో పుస్తకం అడగదు.

ఐరోపాలో పరిస్థితి వేరు. 380లో థియొడోసియస్ శాసనం క్రైస్తవాన్ని రాజమతం చేసింది. అయినా 384లో రోము పెద్ద సిమ్మాకస్ విజయదేవత వేదికను తిరిగి నిలపమని చక్రవర్తికి పెట్టుకున్న వినతి నేటికీ ఉంది. దానికి అంబ్రోస్ బిషప్ ఇచ్చిన ఘాటైన జవాబూ ఉంది. వాది, ప్రతివాది ఇద్దరూ వినబడతారు. విచిత్రమేమిటంటే, దాదాపు అదే కాలంలో దక్షిణ అరేబియా హిమ్యర్ రాజుల శాసనాల్లోంచి కూడా పాత దేవతల పేర్లు మాయమై, ఆకాశాధిపతి అయిన ఒకే దేవుడు మిగిలాడు. అంటే అక్కడి మార్పు ఇస్లాంకు రెండు శతాబ్దాలకు పైగా ముందే మొదలైంది. నజ్రాన్ దగ్గర హిమా బండల మీద అయిదో శతాబ్దపు శిలువలున్నాయి. ఇబ్న్ అల్-కల్బీ కథల ఊపులో పాఠకుడు మరచిపోయేది ఈ నిదానాన్నే.

అరేబియాలో సిమ్మాకస్ లాంటివాడి గ్రంథమేదీ మిగల్లేదు. మిగిలింది రాయి. (అమరావతి, నాగార్జునకొండల బౌద్ధం గురించి తెలుగువారికి తెలిసిందీ ఎక్కువగా రాళ్లు చెప్పిందే.) అల్-ఉలా దగ్గరి హెగ్రాలో, కొండను తొలిచిన నబతీయ సమాధుల ముఖాన శాసనాలున్నాయి. వాటిలో ఒకటి క్రీ.పూ. 1 నాటిది, వాయిలత్ కూతురు కమ్‌కమ్, ఆమె కూతురు కులైబత్ తమకోసమూ తమ సంతానం కోసమూ చేయించుకున్నది. దాన్ని అమ్మినవాణ్ణి, తాకట్టు పెట్టినవాణ్ణి దుషరా, అల్లాత్, మనాత్ శపించాలని అందులో రాయించారు.

ఆ శాసనానికీ ఇబ్న్ అల్-కల్బీకీ మధ్య ఎనిమిది శతాబ్దాల దూరం. రెండింటినీ గుడ్డిగా జతచేయకూడదు. అయినా పుస్తకంలో మనాత్ మక్కా, మదీనాల నడుమ ఖుదైద్ దగ్గర, సముద్రం ఒడ్డున నిలబెట్టిన విగ్రహం. హెగ్రాలో ఒక తల్లీకూతుళ్లు తమ ఎముకలకు కాపలా ఉండమని వేడుకున్న దేవత.