గృహిణుల పుట: గుమ్మడికాయ వంటయు, తాలింపునకు ముందు చూడవలసిన రుచియు



మన పేటలనుండి సౌదీ అరేబియా దేశమునకు పనికై వెళ్లినవారిలో అనేకులు అచ్చట తమ వంట తామే చేసికొనవలసినవారై యున్నారు. ఇంట తల్లియో భార్యయో వండి వడ్డింపగా భుజించుట కలవాటుపడిన పురుషులు నలుగురైదుగురు ఒక గదిలో నుండి, వంతుల ప్రకారము పొయ్యియొద్ద నిలిచి, ఏ కూర ఎట్లు వండవలెనో ఫోనులో ఇంటివారిని అడుగుచున్నారు. ఇంటనున్నవారికిని పరదేశమున నున్నవారికిని సమముగా ఉపయోగపడు కాయ యొకటి కలదు. అది గుమ్మడికాయ. వెల స్వల్పము, కోయక యుంచినచో చాల దినములు నిలుచును, ఒక్క కాయతో పదిమంది తృప్తిగా భుజింపవచ్చును. కావున ఈ పర్యాయము మన పుట దానికే కేటాయింపబడినది.

మేము చెప్పునది వడియములకు వాడు బూడిదగుమ్మడిని గూర్చి కాదు. లోపల పసుపుపచ్చని గుజ్జుగల తీపి గుమ్మడిని గూర్చి. అరబ్బులు దీనిని ఖర్అ యందురు. హిందీ మాటలాడువారు కద్దూ యందురు. గోటితో నొక్కిన గోరు దిగని తొక్కయు, ఎండిన తొడిమయు, పరిమాణమునకు తగిన బరువును గల కాయ బాగుగా పండినదని తెలిసికొనవలెను. తొడిమ ఊడిన కాయ త్వరగా క్రుళ్లును. కాయను నీడను, గాలి తగులు చోట, నేలకు తగులకుండ గడ్డిమీదనో చెక్కమీదనో ఉంచవలెను. కోసిన ముక్కలను మాత్రము ఫ్రిజ్‌లో పెట్టి మూడు నాలుగు దినములలో వండివేయుట మేలు.

ఇక ముఖ్యమైన సంగతికి వచ్చుచున్నాము. గుమ్మడికాయను కోసిన వెంటనే, ఉప్పు కారము తగులక మునుపే, చిటికెనవ్రేలి గోరంత పచ్చిముక్కను నాలుకపై నుంచి రుచి చూడుడు. అది తియ్యగానో చప్పగానో యున్నచో వండుకొనుడు. చేదుగా నున్నయెడల వెంటనే ఉమ్మివేసి, నోరు కడిగికొని, కాయనంతయు పారవేయుడు. పశువులకును వేయకుడు. డబ్బు పోసి కొన్నదని బెల్లము వేసి చేదును కప్పవలదు.

ఏలయనగా, గుమ్మడి, సొర, బీర, దోస మొదలగు తీగలయందు కుకర్బిటసిన్ అను చేదువిషము పుట్టుట కవకాశము గలదు. మన పూర్వులు తరతరములుగా చేదులేని కాయల విత్తనములనే ఏరి నాటుచు వచ్చినందున నేటి తోటకాయలలో అది మిక్కిలి స్వల్పము. అయినను అలంకారమునకై పెంచు చేదుకాయల తీగ దగ్గర నుండి పుప్పొడి కలిసినయెడల, ఆ విత్తనమునుండి మొలచిన తీగకు చేదుకాయలు కాయవచ్చును. నీరులేక మిక్కిలి యెండకు వాడిన తీగకును చేదు హెచ్చవచ్చును. ఈ విషము ఉడికించుటచేత నశింపదు. తిన్నవారికి వికారము, వాంతులు, కడుపునొప్పి, విరేచనములు కలుగును. కొందరికి ప్రాణాపాయము సైతము సంభవించును. 2010 సంవత్సరమున ఢిల్లీ నగరమున చేదైన సొరకాయరసము త్రాగిన ఒకరు మరణించిరి. తరువాత భారత వైద్య పరిశోధన మండలి నియమించిన సంఘము, చేదుగానున్న సొరకాయరసమును త్రాగక పారవేయవలెనని హెచ్చరించెను. 2015 సంవత్సరమున జర్మనీ దేశమున పొరుగువారి తోటలో కాచిన, గుమ్మడిజాతికి చెందిన చేదుకాయలను వండుకొని తిన్న వృద్ధుడొకడు మృతినొందెను. చేదుగా నున్నదని కొంచెమే తిన్న ఆతని భార్య బ్రదికెను.

కాకరకాయ చేదు కాదా, దానిని తినుటలేదా యని కొంద రడుగవచ్చును. కాకర చేదు వేరు. అది దాని స్వభావము. చేదుండగూడని కాయయందు చేదు కనబడుటయే ఇచ్చట అపాయమునకు గుర్తు.

రాజుల రెండవ గ్రంథము నాలుగవ అధ్యాయములోని ఎలీషా ప్రవక్త కుండ సంగతి మీరు సండేస్కూలులో వినియున్నారు. కరవు కాలమున ఒకడు పొలమునకు పోయి, తానెరుగని తీగకాయలను ఒడినిండ కోసికొనివచ్చి, తరిగి కుండలో వేసెను. తినబోయినవారు కుండలో మరణమున్నదని కేకలు వేసిరి. ఆ కాయలు మనము ఏటిపుచ్చ లేక వెఱ్ఱిపుచ్చ యను కాయలేయని పండితులలో అనేకుల యభిప్రాయము. అరబ్బులు దానిని హంజల్ అందురు. అది అరేబియా ఇసుకనేలలలో నేటికిని విరివిగా ప్రాకుచుండును. చిన్న పుచ్చకాయవలె గుండ్రముగా, పచ్చని చారలతో చూచుటకు ముచ్చటగా నుండును. పొలములయందును ఖర్జూరపుతోటలయందును పనిచేయు మన సోదరులు ఇసుకలో దొరికిన ఇట్టి కాయను కూరగాయయని తెచ్చి వండరాదు. ప్రవక్త పిండి వేయించి కుండను బాగుచేసినది దైవశక్తిచేతనే గాని పిండి మహిమచేత కాదు. మనకు దేవుడు నాలుక నిచ్చియున్నాడు. ముందుగా దానిని వినియోగించుట మన విధి.

రుచి చూచుట తాలింపునకు ముందే జరుగవలెననుటకు మరియొక కారణము గలదు. మెంతులు మాడినను కూర చేదగును. అరబ్బులు పులుపునకు వాడు ఎండునిమ్మకాయలోని గింజలు చితికినను చేదగును. అన్నియు కలిసిన పిమ్మట ఏ చేదు ఎక్కడినుండి వచ్చినదో ఎంతటి వంటకత్తెయు చెప్పజాలదు. పచ్చిముక్క మాత్రము నిజము చెప్పును.

ఇప్పుడు వంటను గూర్చి. గుమ్మడి స్వభావముచేత తియ్యనిది, మెత్తనిది. దానికి పులుపును కారమును జోడించినగాని అన్నములోనికి హితవుగా నుండదు. ఇంటనైనచో చింతపండును బెల్లమును వేయుదుము. సౌదీ అరేబియాలో బెల్లము చేతికందనిచో విచారింప నక్కరలేదు. ఆ దేశపు తూర్పుభాగమున నున్న అల్ అహ్సా అను ఒయాసిస్సునందు 25 లక్షల ఖర్జూరవృక్షములు గలవు. 2018 సంవత్సరమున యునెస్కో వారు దానిని ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చిరి. అట్టి దేశమున తీపికి కొదువ యేమి? బెల్లమునకు మారుగా నాలుగు ఖర్జూరపుపండ్లు చాలును. మన చింతపండునకు అరబ్బులు పెట్టిన పేరు తమర్ హింది, అనగా హిందూదేశపు ఖర్జూరము. వారి ఖర్జూరమును మన ఖర్జూరమును ఒక్క కుండలో కలిసినయెడల పులుసు మిక్కిలి రుచికరమగును.

గుమ్మడి పులుసు, నలుగురికి: అరకిలో ముక్కలను తొక్కదీసి, పెద్దవిగా తరిగికొనవలెను. నిమ్మకాయంత చింతపండును వేడినీట నానబెట్టి పిసికి రసము తీయవలెను. గింజదీసిన 4 ఖర్జూరములను అదే రసములో నానవేసి మెదపవలెను. గిన్నెలో 2 చెంచాల నూనె కాచి, ఆవాలు చిటపటలాడిన పిదప పావుచెంచా మెంతులు, 2 ఎండుమిరపకాయలు, కరివేపాకు వేసి, మెంతులు ఎఱ్ఱబారగానే, మాడకమునుపే, తరిగిన ఉల్లిపాయను 2 పచ్చిమిరపకాయలను వేయవలెను. ఉల్లి మెత్తబడిన తరువాత గుమ్మడిముక్కలు, పసుపు, ఉప్పు, ముక్కలు మునుగునంత నీరు చేర్చి మూతపెట్టవలెను. 10 నిమిషములకు ముక్క సగము ఉడుకును. అప్పుడు పులుసు పోసి, చెంచాడు బియ్యపుపిండిని చన్నీట కలిపి వేసి, మరి 5 నిమిషములు మరుగనిచ్చి దింపవలెను. ముక్క గరిటెకు తెగవలెను గాని చిదిసిపోరాదు. పులుపు మొదటనే పోసినచో ముక్క ఉడుకుటకు ఆలస్యమగునని మరువకుడు. చక్కెరవ్యాధి గలవారు ఖర్జూరమును మానవలెను.

పులుసునకు వ్యవధిలేనివారు ముక్కలను తక్కువ నీటితో ఉడికించి, నీరు ఇగిరిన పిదప వేయించి దంచిన నువ్వులపొడి 2 చెంచాలు, కారము, ఉప్పు చల్లి కలుపుకొనవచ్చును. ఇది రొట్టెతోను బాగుండును.

పొరుగింటి పుల్లకూర రుచి యని సామెత. ఆ దేశపువారు గుమ్మడిని ఎట్లు వండుదురో తెలిసికొనుట కూడ మేలే. రియాదు ప్రాంతమున మర్గూగ్ అను వంటకము ప్రసిద్ధము. మాంసము, ఉల్లి, టమాటా, గుమ్మడి, వంకాయ మొదలైనవానిని నీట ఉడికించి, గోధుమపిండిని పలుచగా వత్తి ముక్కలుచేసి ఆ మరుగు రసములో వేయుదురు. పిండి రసమును పీల్చి చిక్కబడును. మిరియము, ధనియాలు, జీలకఱ్ఱ, దాల్చినచెక్క మసాలా. పులుపునకు లూమీ యను ఎండిన నల్లనిమ్మకాయ. చింతపండు లేనినాడు మనవారును లూమీని వాడవచ్చును: ఒక కాయను పగులగొట్టి, గింజలు తీసివేసి, పై బెరడును పులుసులో మరిగించి, వడ్డించునపుడు తీసివేయవలెను.

సంసారములుగల తల్లులకు ఒక మాట. గుమ్మడి గుజ్జునందలి పసుపువన్నె పదార్థమును శరీరము విటమిన్ ఏ గా మార్చుకొనును. ఇది లోపించిన బిడ్డలకు రేచీకటి వచ్చును. అశ్రద్ధ చేసినచో చూపే పోవును. అయితే ఆ పదార్థము నూనెతో కలిసినపుడే శరీరమునకు చక్కగా పట్టును. కావున నీళ్లలో ఉడికించిన ముక్కకు చెంచాడు నూనె తాలింపు అలంకారము కాదు, అవసరము. కాయను వీధిలో పగులగొట్టి దిష్టి పోయెననుకొనుటకంటె, కుండలో ఉడికించి పిల్లలకు పెట్టుట ఎంత మేలో యోచింపుడు. గింజలను కడిగి, ఎండబెట్టి, ఉప్పుతో వేయించిన పిల్లలు ఇష్టముగా తిందురు. విత్తనమునకు మాత్రము తియ్యని కాయగింజలనే దాచుడు. దాపున అలంకారపు చేదుకాయల తీగ గల దొడ్డిలోని గింజలను నాటకుడు.

వేసవిలో అరేబియా వేడిమి 45 డిగ్రీలను దాటుచుండును. ఉదయము వండిన పులుసును గదిలో విడిచి పనికి పోయి సాయంకాలము తినరాదు. అంతటి వేడిలో వండిన కూర గంటకు మించి బయట నుండుట క్షేమము కాదు. చల్లార్చి ఫ్రిజ్‌లో నుంచి, మరల బాగుగా మరిగించి తినవలెను.

ఈ ఆదివారము ఫోనులో మాటలాడునపుడు తల్లులు తమ కుమారులకును భార్యలు తమ భర్తలకును పులుసు విధమును చెప్పుడు. అయితే మెంతుల లెక్కకు ముందు, పచ్చిముక్కను నాలుకపై నుంచి చూడుమను మాట చెప్పుడు. ఎవరికైన చేదుకాయ తిన్నపిదప వాంతులు విరేచనములు పట్టుకొన్నయెడల నాటుమందులతో ఆలస్యము చేయక, మిగిలిన కాయముక్కను వెంటగొని ఆసుపత్రికి పోవలెను. దేవుడు మీ పొయ్యిలను, వాని యొద్ద కూర్చుండువారిని కాపాడును గాక.