సోలార్ కారును చూడాల్సింది ఆవిష్కరణ సభలో కాదు, లెక్కల పుస్తకంలో

ఇంజినీరింగ్ విద్యార్థులు సౌరశక్తితో నడిచే కారు తయారు చేశారన్న వార్త ఏటా ఏదో ఒక ఊరి నుంచి వస్తూనే ఉంటుంది. ఫొటోలో పైనంతా సౌర పలకలు పరిచిన బల్లపరుపు బండి, చుట్టూ ఒకే రంగు టీషర్టుల్లో విద్యార్థులు, మధ్యలో రిబ్బను కత్తిరిస్తున్న ముఖ్య అతిథి కనిపిస్తారు. పెట్రోలు అక్కర్లేదు, ఛార్జింగ్ ఖర్చు లేదు అని రెండు వాక్యాలు ఉంటాయి. ఆ తర్వాత ఆ కారు ఎన్ని కిలోమీటర్లు నడిచిందో, ఎక్కడ ఆగిపోయిందో ఎవరూ రాయరు, ఎవరూ అడగరు.

చదివిన వారికి వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే: ఇది మార్కెట్లోకి ఎప్పుడు వస్తుంది? రాదని తెలిస్తే, ఇదంతా కాలేజీ ప్రచారమేనని పెదవి విరుస్తారు. ఈ ఆశ, ఈ నిరాశ రెండూ తప్పు కొలబద్ద మీద నిలబడ్డవే. విద్యార్థుల సోలార్ కారు అమ్మకానికి పెట్టే వస్తువు కాదు. శక్తిని ఒక్కో వాటు చొప్పున లెక్కపెట్టడం నేర్పే ప్రయోగశాల అది. కాబట్టి ఆ బృందాన్ని ఆవిష్కరణ సభను చూసి కాదు, అది రాసుకున్న లెక్కలను చూసి అంచనా వేయాలి.

ఇస్త్రీ పెట్టె పవర్‌తో 90 కిలోమీటర్ల వేగం

ముందు ఆ లెక్క ఎంత కఠినమైనదో చూద్దాం. మబ్బుల్లేని మధ్యాహ్నం నేల మీద ఒక చదరపు మీటరుకు దాదాపు 1000 వాట్ల సూర్యకాంతి పడుతుంది. మేలైన సిలికాన్ సౌర ఘటాలు అందులో సుమారు 24 శాతాన్ని విద్యుత్తుగా మారుస్తాయి. ఆస్ట్రేలియాలో డార్విన్ నుంచి అడిలైడ్ వరకు దాదాపు 3000 కిలోమీటర్ల మేర జరిగే వరల్డ్ సోలార్ ఛాలెంజ్‌లో 2017, 2019, 2023 సంవత్సరాల్లో ఒంటి సీటు పోటీ కార్లకు అనుమతించిన సిలికాన్ పలకల వైశాల్యం 4 చదరపు మీటర్లు. గుణిస్తే వచ్చేది 960 వాట్లు. మన ఇళ్లలో వాడే ఇస్త్రీ పెట్టె తీసుకునేది కూడా ఇంచుమించు అంతే.

ఇంత పవర్‌తో గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వెళ్లాలనుకుందాం. అంటే సెకనుకు 25 మీటర్లు. పవర్‌ను వేగంతో భాగిస్తే బలం వస్తుంది. 960ని 25తో భాగిస్తే సుమారు 38 న్యూటన్లు. 4 కిలోల బియ్యం సంచిని చేత్తో ఎత్తి పట్టుకోవడానికి కావలసిన బలం అది. గాలి అడ్డుకునే బలం, టైర్లు దొర్లేటప్పుడు కలిగే నిరోధం రెండూ కలిసి అంతలోనే ఇమడాలి. డ్రైవరుతో కలిపి కారు బరువు 250 కిలోలు ఉండి, నాణ్యమైన రేసింగ్ టైర్లు వేస్తే టైర్లకు 7 న్యూటన్లు పోతాయి. గాలికి మిగిలేది 30 న్యూటన్లే. మోటారులో, తీగల్లో పోయే నష్టాన్ని ఇందులో ఇంకా కలపనే లేదు.

ఇదే వేగంతో వెళ్లే 1500 కిలోల మామూలు కారుకు గాలి నిరోధం దాదాపు 250 న్యూటన్లు, టైర్ల నిరోధం మరో 150 న్యూటన్లు. పవర్‌లోకి మారిస్తే 10 కిలోవాట్లు, అంటే పదింతలు. సోలార్ కారు రూపం అంత వింతగా ఎందుకుంటుందో ఇప్పుడు అర్థమవుతుంది. అది అందం కోసం గీసిన రూపం కాదు, 38 న్యూటన్ల లెక్క గీసిన రూపం. పైగా గాలిని చీల్చడానికి కావలసిన పవర్ వేగానికి ఘనంగా పెరుగుతుంది. వేగం రెట్టింపైతే పవర్ ఎనిమిదింతలు కావాలి. అందుకే ఈ పోటీల్లో గెలుపు ఎక్కువగా దూకుడుగా నడిపేవారిది కాదు. రాబోయే మబ్బును, ఎదురుగాలిని, బ్యాటరీలో మిగిలిన శక్తిని ముందుగా లెక్కవేసి, నిలకడైన వేగాన్ని ఎంచుకునేవారిది.

కారు పైకప్పుకు అంత బలం ఉందా?

ఇక మార్కెట్ ప్రశ్న. అనంతపురంలో ఒక ఎలక్ట్రిక్ కారు పైకప్పు మీద 2 చదరపు మీటర్ల పలకలు అమర్చామనుకుందాం. ఎండ బాగా కాసే ఆ ప్రాంతంలో రోజుకు చదరపు మీటరుకు 5.5 కిలోవాట్ అవర్ల సౌరశక్తి పడుతుందనుకుంటే, నష్టాలన్నీ పోను చేతికొచ్చేది 2 యూనిట్ల విద్యుత్తు. ఒక యూనిట్‌తో 8 కిలోమీటర్లు వెళ్లే చిన్న కారైతే రోజుకు 16 కిలోమీటర్లు నడుస్తుంది. అదీ పగలంతా ఎండలో నిలబెట్టి, దుమ్ము తుడుస్తూ ఉంటేనే. మనమేమో కారును చెట్టు నీడన పెట్టడానికి చోటు వెతుక్కుంటాం.

ఊళ్లో తిరిగే తేలికపాటి బండికి 16 కిలోమీటర్లు చిన్న విషయం కాదు. పుణేకు చెందిన వేవ్ మొబిలిటీ సంస్థ తన చిన్న ఎలక్ట్రిక్ కారు ‘ఈవా’కు సౌర పైకప్పును జోడించింది ఈ లెక్కతోనే. కానీ ‘ఛార్జింగ్ అవసరమే లేదు’ అన్న మాటకు, రోజుకు 16 కిలోమీటర్లకు మధ్య చాలా దూరం ఉంది. అవే పలకలను ఇంటి డాబా మీద సరైన వాలుతో, వెనుక గాలి ఆడేలా అమర్చి, ఆ కరెంటుతో కారును ఛార్జ్ చేసుకుంటే ఎక్కువ ఫలితం ఉంటుంది. ఈ నిజం చెప్పినంత మాత్రాన విద్యార్థుల శ్రమ విలువ తగ్గదు. చెప్పకపోతేనే తగ్గుతుంది. ఎందుకంటే అసాధ్యమైన మాట ఇచ్చిన ప్రాజెక్టు, ఆ మాట నెరవేరని రోజున, అది నేర్పిన పాఠాలతో సహా పక్కకు పోతుంది.

నెదర్లాండ్స్ అనుభవం ఇందుకు ఉదాహరణ. ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయ విద్యార్థులు ‘స్టెల్లా’ పేరుతో ఒకరికంటే ఎక్కువ మంది కూర్చునే సోలార్ కార్లు తయారు చేసి, ఆస్ట్రేలియాలో క్రూజర్ తరగతి పోటీని 2013 నుంచి 2019 వరకు వరుసగా నాలుగుసార్లు గెలిచారు. ఆ బృందాల పూర్వ విద్యార్థులే 2016లో లైట్‌ఇయర్ అనే కంపెనీ పెట్టారు. సుమారు 2.5 లక్షల యూరోల ధరతో వారు తెచ్చిన కారు ఉత్పత్తి 2022 చివర్లో మొదలై, 2023 జనవరిలోనే ఆగిపోయింది. దాన్ని తయారు చేసిన అనుబంధ సంస్థ దివాలా తీసింది. నాలుగుసార్లు గెలిచిన వారి నైపుణ్యం కూడా మార్కెట్ లెక్కను మార్చలేకపోయింది.

మరి ఈ కార్ల నుంచి లోకానికి ఏం దక్కింది?

ఇక్కడే అసలు కథ ఉంది. 1987లో మొదటి వరల్డ్ సోలార్ ఛాలెంజ్‌ను గంటకు సగటున 67 కిలోమీటర్ల వేగంతో గెలిచింది జనరల్ మోటార్స్ వారి ‘సన్‌రేసర్’. దాని రూపకల్పనలో ఏరోవైరాన్‌మెంట్ అనే సంస్థ కీలక పాత్ర పోషించింది. జనరల్ మోటార్స్ ఆ తర్వాత సోలార్ కారు అమ్మలేదు. కానీ తక్కువ పవర్‌తో ఎక్కువ దూరం వెళ్లడం ఎలాగో ఆ కారు నేర్పింది. అదే రెండు సంస్థలు కలిసి 1990లో ‘ఇంపాక్ట్’ అనే నమూనా ఎలక్ట్రిక్ కారును చూపాయి. 1996లో వచ్చిన ‘ఈవీ1’ దాని కొనసాగింపే. అలాగే టెస్లా తొలినాళ్లలో బ్యాటరీ విభాగంలో పనిచేసిన జీన్ బెర్డిచెవ్‌స్కీ, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ సోలార్ కారు బృందం నుంచి వచ్చినవారే.

అంటే సోలార్ కారు నుంచి బయటికొచ్చిన విలువ కారు రూపంలో రాలేదు, మనుషుల రూపంలో వచ్చింది. ఆ మనుషులు ఏం నేర్చుకుంటారో గమనించండి. వరుసగా కలిపిన ఘటాల్లో ఒక్కదాని మీద నీడ పడినా ఆ వరుస మొత్తం నీరసిస్తుందని పాఠ్యపుస్తకంలో ఒక వాక్యం ఉంటుంది. డ్రైవరు తల మీది గోపురం నీడ సాయంత్రం ఏ ఘటాల మీద పడుతుందో కనిపెట్టి, పలకల అమరికనే మార్చుకోవాల్సి వచ్చినప్పుడు ఆ వాక్యం ఒంటబడుతుంది. సిలికాన్ ఘటం 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం దిగుబడి కోల్పోతుంది. ఘటం 65 డిగ్రీలకు చేరితే ఏడో వంతు దాకా పోయినట్లే. మన ఎండల్లో ఇది పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న కాదు, కళ్లెదుట మీటరులో పడిపోతున్న అంకె.

వైఫల్యం కూడా ఇందులో భాగమే. 2019లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయ బృందం పోటీ చివరి రోజున, అందరికంటే ముందు వెళ్తుండగా కారుకు నిప్పంటుకుంది. డ్రైవరు క్షేమంగా బయటపడ్డారు, కారు కాలిపోయింది. గెలుపు బెల్జియం విద్యార్థులకు దక్కింది. అంతటి దెబ్బ తిన్నా డెల్ఫ్ట్ బృందం ఆగిపోలేదు, కొత్త కార్లతో పోటీలకు వస్తూనే ఉంది. ఒక తరం విద్యార్థులు వెళ్లిపోయినా, వారు నేర్చుకున్నది తర్వాతి తరానికి అందే ఏర్పాటు ఉండబట్టే అది సాధ్యమైంది.

మన దగ్గర లోటు ఎక్కడ?

మన దేశంలో ఉత్సాహానికి కొదవ లేదు. మణిపాల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ‘సోలార్‌మొబిల్’ బృందం 2011 నుంచి పనిచేస్తోంది. ఐఐటీ మద్రాస్ విద్యార్థుల ‘అగ్నిరథ్’ బృందం 2023లో ‘ఆగ్నేయ’ అనే సోలార్ కారును ఆవిష్కరించింది. ఎక్కువ కాలేజీల్లో మాత్రం సోలార్ కారు అంటే క్లాసులయ్యాక చేసుకునే క్లబ్బు పని. బీటెక్ పూర్తి చేయడానికి కావలసిన 160 దాకా క్రెడిట్లలో దీనికి చోటు ఉండదు. ఇంటర్నల్ పరీక్షలు వస్తే షెడ్డుకు తాళం పడుతుంది. మూడో ఏడాదిలో పని పట్టుబడిన విద్యార్థి నాలుగో ఏడాదిలో ఉద్యోగాల వేటలో పడతాడు. అతని నోటుపుస్తకం అతనితోనే వెళ్లిపోతుంది. తర్వాతి జట్టు మళ్లీ మొదటి నుంచి, మళ్లీ అవే తప్పులతో మొదలుపెడుతుంది.

దీన్ని సరిచేయడానికి పెద్ద నిధులు అక్కర్లేదు. మూడు పనులు చాలు. మొదటిది, ఈ పనికి క్రెడిట్లు ఇవ్వాలి. చివరి ఏడాది ప్రాజెక్టుగా ఒకసారి కాదు, రెండో ఏడాది నుంచే. రెండోది, ప్రతి బృందం ఏటా ఒక నివేదిక బయటపెట్టాలి. పలకల నుంచి ఎంత శక్తి వచ్చింది, కిలోమీటరుకు ఎంత ఖర్చయింది, రోడ్డు మీద ఎన్ని కిలోమీటర్లు పరీక్షించారు, ఏవేవి పాడయ్యాయి అన్నవి అందులో ఉండాలి. మూడోది, సీనియర్లు జూనియర్లతో కనీసం ఒక సెమిస్టరు కలిసి పనిచేసి బాధ్యత అప్పగించాలి.

దీనికి ఒక అభ్యంతరం రావచ్చు. పాతికమంది కోసం ఇంత ఖర్చు ఎందుకు, ఆ డబ్బుతో అందరికీ పనికొచ్చే ల్యాబు పెట్టకూడదా అని. న్యాయమైన ప్రశ్నే. కారు ఆవిష్కరణతోనే కథ ముగిసిపోతే ఆ డబ్బు నిజంగా వృథాయే. నివేదిక, కొలతలు అందరికీ అందుబాటులో ఉంటే మాత్రం, ఏ ఊరి పాలిటెక్నిక్ విద్యార్థి అయినా వాటితో లెక్కలు చేసుకోవచ్చు. స్పాన్సర్లకు ఫొటోలే కావాలి కదా అన్నది మరో మాట. ఫొటో ఉండనివ్వండి, దాని పక్కనే ఆ అంకెలు కూడా ఉండాలన్నదే నా వాదన.

ఈ నైపుణ్యం అక్కరకొచ్చే చోట్లు మన చుట్టూనే ఉన్నాయి. కర్నూలు అల్ట్రా మెగా సోలార్ పార్కు సామర్థ్యం 1000 మెగావాట్లు. అక్కడ వేడి, దుమ్ము, నీడ వల్ల ఒక్క శాతం దిగుబడి తగ్గినా ఎండ బాగా కాసిన వేళ పోయేది 10 మెగావాట్లు. ఇళ్ల డాబాల మీద పలకలు బిగించేవారికి, ఎలక్ట్రిక్ ఆటోల బ్యాటరీలు రూపొందించేవారికి, పంటపొలాల్లో సోలార్ పంపులు నడిపేవారికి కావలసిందీ ఇదే చదువు. 38 న్యూటన్లలో కారును ఇమిడ్చిన వారికి ఒక శాతం విలువ ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

కాబట్టి ఇకపై మీ దగ్గరి కాలేజీ నుంచి సోలార్ కారు వార్త వస్తే, అది మార్కెట్లోకి ఎప్పుడొస్తుందని అడగకండి. కిలోమీటరుకు ఎన్ని వాట్ అవర్లు ఖర్చవుతోందో అడగండి. ఇంతవరకు ఎన్ని కిలోమీటర్లు నడిచిందో, మొదట పాడైంది ఏమిటో, ఆ పాఠం తర్వాతి బ్యాచ్ కోసం ఎక్కడ రాసిపెట్టారో అడగండి. జవాబు దొరికితే ఆ కారు పని చేస్తున్నట్లే, అది షెడ్డులోనే ఉన్నా సరే.