పిచ్చి అనేది జబ్బు పేరు కాదు

పోయిన దసరాకు పుట్టింటికి, ప్రొద్దుటూరుకు వెళ్లాను. రాత్రి అమ్మవారిశాలకు పోయొచ్చి ఆడవాళ్లమంతా మిద్దె మీద చేరినాం. బొరుగులు తింటూ మాట్లాడుకున్న ఆ గంటలోనే ‘పిచ్చి’ అన్న మాట ముగ్గురి మీద పడింది. ముగ్గురూ మావాళ్లే. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

ఒకరు మా తమ్ముని భార్య. కాన్పై మూడు నెలలు. నిద్ర లేదు, తిండి లేదు, ఊరికే ఏడుస్తుంది, బిడ్డను ఎత్తుకోమంటే బెదురుతుంది. ‘పిచ్చన్నా పట్టుండాల, లేకుంటే కొవ్వన్నా అయ్యుండాల’ అనింది మా పెద్దమ్మ. ఇంకొకరు జమ్మలమడుగులో మా మామగారి తమ్ముడు. పాతికేళ్ల వయసు నుంచీ ఎవరో తనను తిడుతున్నట్టు వినిపిస్తుందంటాడు, అన్నంలో మందు కలిపినారంటాడు. ఆయన చేతికి కట్టని తాయెత్తు లేదు. మూడో మనిషి పులివెందులలో మా చెల్లెలి బావగారి కొడుకు. ఇరవై నాలుగేళ్లు. చిన్నప్పటి నుంచీ మాటా నడకా అన్నీ ఆలస్యమే, ఇప్పటికీ చిల్లర లెక్కపెట్టలేడు. ‘పెండ్లి జేస్తే కుదురుకుంటాడులే, చీనీతోట ఉండాది గదా’ అని సంబంధాలు చూస్తాండారు.

పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు అని సామెత. నవ్వుకోవడానికి పుట్టిన మాట. మనవాళ్లు దాన్ని వైద్యం అనుకున్నారు!

బిడ్డకు ఒళ్లు కాలితే ‘జ్వరం’ అని చెప్పి ఊరుకుంటామా? మలేరియానా, టైఫాయిడా అని రక్తపరీక్షకు పరుగెత్తుతాం. ఏ జ్వరమో తెలిస్తేనే ఏ మందో తెలుస్తుంది. మనసు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒక్క మాటతో సరిపెడతాం.

మానసిక వైద్యులు అడిగే ప్రశ్నలు చాలావరకు మనకు అర్థమయ్యేవే. ఎప్పటి నుంచి ఇట్లా ఉంది? పుట్టుక నుంచా, మధ్యలో వచ్చిందా? లేనివి వినిపిస్తున్నాయా, కనిపిస్తున్నాయా? దిగులు ఎన్నాళ్లుగా ఉంది? తాగుడు ఉందా? థైరాయిడ్ లాంటి ఒంటి జబ్బు ఏదైనా ఉందా? వీటికొచ్చే జవాబులను బట్టే జబ్బుకు పేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక, ఐసీడీ, తయారైంది కూడా ఇట్లాంటి తేడాలు పట్టుకోవడానికే.

ఇప్పుడు మావాళ్లనే చూడండి. కాన్పయిన తర్వాత వచ్చే బెంగ మామూలుగా రెండు వారాల్లో తగ్గుతుంది. తగ్గకుండా ముదిరితే అది డిప్రెషన్, వైద్యంతో నయమవుతుంది. బాలింతకు లేనివి వినిపించినా, బిడ్డకు హాని చేస్తానేమో అనిపించినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోవాలి. జమ్మలమడుగు మామ లక్షణాలు స్కిజోఫ్రీనియాను పోలినవి. దానికి ఏళ్లతరబడి మందులు కావాలి, తాయెత్తులు కాదు. పులివెందుల పిల్లవానిది అసలు మానసిక జబ్బే కాదు, మేధోవైకల్యం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా బుద్ధి ఎదగకపోవడాన్ని మానసిక జబ్బులో కలపలేదు. వానికి కావలసింది ఓపికగా పని నేర్పేవాళ్లు. పెళ్లాం మందు కాదు.

‘పేరు పెడితే ముద్ర పడుతుంది కదా’ అంటారు కొందరు. మరి పిచ్చి అన్నది ముద్ర కాదా? అది దారి చూపని ముద్ర. డాక్టర్లు పెట్టే పేర్లు కూడా మనుషులు పెట్టినవే, తప్పులూ జరిగాయి. స్వలింగ ప్రేమను అమెరికా మానసిక వైద్యులు 1973 దాకా జబ్బుల పట్టికలోనే ఉంచారు, తర్వాత తీసేశారు. పరీక్షించి పెట్టిన పేరు తప్పయితే దిద్దుకోవచ్చు. పిచ్చి అన్న మాటను ఎవరు దిద్దుతారు?

నా తప్పూ చెప్పాలి. కాన్పైన నెలకే ఆ పిల్ల ‘వదినా, నాకేం బాగలేదు’ అని ఫోన్ చేసింది. ‘నేను ఇద్దర్ని కనలేదా? పనిలో పడు, అదే పోతుంది’ అన్నాను. రెండు నెలలు అట్లా పోయినాయి. దసరా తర్వాత తమ్ముణ్ణి తిట్టి, ఆమెను డాక్టరు దగ్గరికి నేనే వెంటబెట్టుకుపోయినా. ఇప్పుడు బిడ్డకు తనే నీళ్లు పోస్తోంది. జమ్మలమడుగులో కూడా మామను చూపించడానికి మా అత్త ఒప్పుకుంది.

మీ ఇంట్లో ఇట్లాంటి మనిషి ఉంటే, ఆసుపత్రికి పోవడానికి వెనకాడితే ముందు 14416కు ఫోన్ చేయండి. టెలిమానస్ అని ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

పులివెందుల సంబంధం మాత్రం ఇంకా నడుస్తోంది. పిల్ల ఇంటివాళ్లకు నిజం చెప్పమని మా చెల్లెలి అత్తగారికి చెప్పినా. ‘మా ఇంటి సంగతి నీకెందుకమ్మా’ అనింది. అప్పటి నుంచి నాతో మాటల్లేవు. అయినా సరే, ఆ పిల్ల ఎవరో తెలిసిన రోజు నేనే వాళ్లింటికి పోయి చెప్తాను.