అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదట!

గత దసరాకు నాలుగు దినములు ముందు, ఊరి ఆడబిడ్డలెల్ల తంగేడుపూలకై చెరువుగట్ల వెంట తిరుగుచుండిన వేళ, జనగామ నడిబజారునందలి యొక దుకాణమున నేనొక టీవీ కొంటిని. దుకాణదారు కుర్చీ వేయించి, చాయ తెప్పించి, నలుబదిమూడు అంగుళముల ఆ పెట్టెను గోడకు బిగించు బాధ్యతయు తనదే యని పలికి, బిల్లు వ్రాసి, దాని యడుగున ఊదాసిరాతో రబ్బరుముద్ర యొకటి కొట్టి నా చేతికిచ్చెను. ఆ ముద్రలో నేమున్నదో ఆనాడు నేను చూడలేదు; పండుగపూట క్రొత్తవస్తువు కొన్నవాడు బిల్లు చదువుట అపశకునము కాబోలు, మనలో నెవ్వరును చదువరు. పదునొకండవ దినమున చదివితిని. "అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదు" అని యుండెను.

ఆ రాత్రి వార్తలు వచ్చుచుండగా తెర ఒక్కపెట్టున చీకటి యయ్యెను. శబ్దము మాత్రము యథాప్రకారము సాగుచుండెను. తీగలు పీకి మరల పెట్టితిమి, సెటప్ బాక్సు మార్చితిమి, రిమోటులోని బ్యాటరీలు తిప్పి వేసితిమి. ఇవి యన్నియు ఆపదవేళ మ్రొక్కు మ్రొక్కులవంటివి, ఫలము లేదని తెలిసియు చేయక యుండలేము. పొరుగింటి ఇంటర్మీడియట్ కుర్రవాడు వచ్చి, గదిలో దీపమార్పించి, తన ఫోను టార్చిని తెరకు ఓరగా పట్టి, "సార్, మంచిగ చూడుండ్రి" అనెను. చూడగా, నూతిలోని నీడవలె, వార్తలు చదువు నామె ముఖము లీలగా కదలుచుండెను. బొమ్మ పోలేదు, బొమ్మ వెనుకనుండి వెలుగునిచ్చు ఎల్‌ఈడీ దీపముల పట్టీ పోయినది. ఆ దీపములను సాధారణముగా పూసలదండవలె వరుసగా కూర్తురు గనుక, ఒక్కటి చెడిన తక్కినవియు ఆరిపోవుట కద్దు. అరనిమిషమున ఆ బాలుడు తేల్చిన రోగము నంగీకరించుటకు కంపెనీవారికి మూడు వారములు పట్టెను.

దుకాణమునకు ఫోను చేసితిని. "మీ ఇంట్ల కరెంటు సక్కగ లేదు గావచ్చు సార్. స్టెబిలైజర్ పెట్టుకున్నరా?" ఇదియే మొదటి పలుకు. ఏ మోడలని లేదు, ఎన్నడు కొన్నారని లేదు, ఏమైనదని యైనను లేదు. మరి నాలుగు దినములకు హనుమకొండనుండి సర్వీసు సెంటరు మనిషి వచ్చి, భుజముమీది సంచి దింపకయే స్విచ్చుబోర్డువంక చూచి, "ఎర్తింగ్ లేదు సార్, వారంటీల రాదు" అని తీర్పు చెప్పెను. నేను మా వీధి ఎలక్ట్రీషియనును పిలిపించి, ఆ సర్వీసు మనిషి యెదుటనే మీటరు పెట్టించితిని. ఫేజుకును న్యూట్రలుకును నడుమ 226 వోల్టులు, ఫేజుకును ఎర్తుకును నడుమ 224, న్యూట్రలు ఎర్తుల నడుమ 2. మన దేశమున గృహవిద్యుత్తు 230 వోల్టులు. అందు నూటికి ఆరు పాళ్లు అటునిటైనను నియమభంగము కాదు, అనగా 216 మొదలు 244 వరకు సమ్మతమే. అంతకన్న విశేషమేమనగా, ఈ టీవీ 100 వోల్టులనుండి 240 వోల్టులవరకు పనిచేయునని కంపెనీవారే దాని వీపున చీటి యంటించి యున్నారు. ఆ చీటిని వ్రేలితో చూపగా, ఆ మనిషి, పాపము జీతగాడు, "నాకేం తెలుస్తది సార్, పైనోళ్లు అట్లనే రాయమంటరు" అని తలవంచుకొనెను. అతనిపై నాగ్రహింప నాకు మనసు రాలేదు.

కరెంటు ఎన్నడును తప్పు చేయదని నేననను. త్రీఫేజు లైనులో న్యూట్రలు తీగ తెగినచో ఇండ్లలోనికి 400 వోల్టుల దనుక తన్నుకొని రావచ్చును. అప్పుడొక్క టీవీ కాదు, వీధి వీధి ఫ్యాన్లును బల్బులును ఫ్రిజ్జులును కాలిపోవును. ఉప్పు, బొగ్గు పోసి పైపు పాతిన ఎర్తుగుంత, వేసవిలో బిందెడు నీళ్లు పోయు దిక్కులేక ఎండిపోయి, పేరునకు మాత్రమే మిగిలిన ఇండ్లును మన యూళ్లలో నున్నవి. కొనువారి తొందరపాటును తక్కువది కాదు. మానుకోటలోని మా చెల్లెలు (మహబూబాబాదును మేమిప్పటికిని అట్లే పిలుతుము) క్రొత్త ఫ్రిజ్జును ట్రాలీ ఆటోలో పండబెట్టి తెప్పించి, దింపిన గడియలోనే స్విచ్చు వేసి, చల్లబడుటలేదని కంపెనీవారిని నోటికి వచ్చినట్లు తిట్టినది. పండబెట్టినప్పుడు కంప్రెసరులోని నూనె గొట్టములలోనికి జారును. నిలువబెట్టి కొన్ని గంటలాగిన గాని అది తన చోటికి చేరదు. "గా ముచ్చట డబ్బ మీద రాయద్దా అన్నా?" అని ఆమె నాపైకే వచ్చెను. డబ్బామీద నిలువుగా నుంచవలెనను బాణపు గుర్తులు నాలుగు ప్రక్కల నున్నవి. ఆ తగవులో నేను కంపెనీ పక్షము.

నా అభ్యంతరము వేరు. ఇంటి కరెంటును శంకించుట తప్పు కాదు. పరీక్షింపకయే ఆ శంకను తీర్పుగా వ్రాసి, నీ యిల్లు నిర్దోషియని నీవే నిరూపించుకొమ్మని కొన్నవాని నెత్తిన పెట్టుట తప్పు. మా మేనల్లుడు భూపాలపల్లిలో సింగరేణి ఉద్యోగి. నెల తిరుగకయే నిలిచిపోయిన వాని వాషింగ్ మెషీనుకును ఇదే జబ్బు నంటగట్టిరి. ఆ యూరి ప్రక్కనే, చెల్పూరువద్ద, 500 మెగావాట్లదొకటి, 600 మెగావాట్లదొకటి, రెండు యూనిట్లతో కాకతీయ థర్మల్ కేంద్రమున్నది. "మామా, బొగ్గు మేమే తీస్తిమి, కరెంటు మా కాడనే పుట్టె, తప్పు గూడ మాదేనట" అని వాడు నవ్వెను. విద్యుత్కేంద్రము దాపున నున్నంతమాత్రాన ఇంటి వోల్టేజి బాగుండునని కాదు. అయినను వాని నవ్వులో న్యాయమున్నది.

హైదరాబాదున 1967లో వెలసిన ఇ.సి.ఐ.ఎల్. వారి ఈసీ టీవీలు మన ఇండ్లలో వెలిగిన కాలమున, మెకానిక్కు వెనుకమూత విప్పి, కాలిన ముక్కను అరచేతిలో పెట్టి చూపెడివాడు. పెంబర్తిలో ఇత్తడి పాత్ర కొన్నవాడు నేటికిని, సొట్ట కనబడిన, చేసినవాని అరుగు నెక్కి యడుగగలడు. ఈ క్రొత్త పెట్టె మూత మనము విప్పిన వారంటీ పోవును, విప్పకున్న రోగము తెలియదు. 2022 డిసెంబరు 24న కేంద్రప్రభుత్వము మరమ్మతు హక్కునకై పోర్టలు నొకదానిని తెరచినది. సంతోషమే, కాని మా బజారులో దాని పేరు విన్న దుకాణదారు నాకింకను తారసపడలేదు.

ఇక ముద్ర సంగతి. 2020 జూలై 20 నుండి అమలులోనున్న 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము, లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోపల, గడువు చెప్పనిచో ముప్పది దినములలోపల, తిరిగి తీసుకొని డబ్బు వాపసు చేయ నిరాకరించుటను అనుచిత వ్యాపారపద్ధతి యని స్పష్టముగా పేర్కొన్నది. బిల్లు ఇయ్యకుండుటయు నట్టిదే. కొన్నచోటనే దావా వేయవలెనను నిర్బంధమును లేదు; తాను నివసించు చోటనే వేయవచ్చును. అయిదు లక్షల లోపు ధరకు ఫీజు లేదు, వకీలు అవశ్యము కాడు, గడువు రెండేండ్లు. పరీక్ష చేయక లోపము తేలదనుకొన్నచో, సరుకును ప్రయోగశాలకు పంపి 45 దినములలో నివేదిక తెప్పించు నధికారము వినియోగదారుల కమిషనుకున్నది. నేనంత దూరము పోలేదు. టార్చి వెలుగులోని ముఖమును, మీటరు అంకెలను, వీపున నున్న చీటిని ఫోనులో ఫొటోలు తీసి, ఒక ఉత్తరము వ్రాసి, వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించితిని. కొన్న ముప్పదిరెండవ దినమున వేరొక టీవీ వచ్చెను. అది బాగుగనే పనిచేయుచున్నది.

అయినను, ఉత్తరము వ్రాయనేర్చిన వానికి దొరకినది వ్రాయలేని వానికి దొరకుట లేదు. చట్టము ప్రతి జిల్లాకొక వినియోగదారుల కమిషను నేర్పరుపవలెనన్నది; 2016 అక్టోబరు 11న జిల్లాలైన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి వారికి మాత్రము ఆ తలుపు తట్టుటకు వరంగల్లే గతి. ముప్పదివేల టీవీకై కూలిదినములు పోగొట్టుకొని, రైలైనను లేని భూపాలపల్లినుండి ఎవ్వడు వాయిదాలకు తిరుగును? ప్రభుత్వము మూడు జిల్లాలకును వెంటనే కమిషనుల నీయజాలనిచో, ఉన్న కమిషనైనను నెలకొక దినము ఈ మూడు పట్టణములలో కొలువుదీరునట్లు చేయవలెను. కొనువారితో నాకు మనవి యొక్కటి: ఈ దసరాకు టీవీయో ఫ్రిజ్జో కొనునప్పుడు, దుకాణదారు ఊదాసిరా డబ్బీ మూత తెరవగానే, ఆ ముద్ర వలదని చెప్పుడు.